మూడు గిటార్ పుస్తకాలు, ఒక మోహన గీతం

మన పాఠశాల పత్రికలో పుస్తక సమీక్ష అంటే ఏదో ఒక శతకమో, కథల సంపుటమో, గొప్పవాళ్ళ జీవితచరిత్రో ఉంటుంది. నేను ఈసారి మూడు గిటార్ పుస్తకాల గురించి రాస్తున్నాను. మూడూ ఇంగ్లీషువే, మూడూ అమెరికాలో పుట్టినవే. వాటిని చదివితే గిటార్ వచ్చేస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. నా ప్రశ్న అది కాదు. పక్కన గురువు లేని తెలుగు మీడియం పిల్లకు ఈ పుస్తకాలు హార్మొనీ అనే విద్యను ఎంత దూరం తీసుకెళ్తాయి, ఎక్కడ దారి మధ్యలో దింపేసి పోతాయి అన్నదే నేను చూడాలనుకున్నది.

మా హోసూరులో గిటార్ నేర్పేవాళ్ళు లేక కాదు. ఉన్నారు. కానీ నెల నెలా ఫీజు, పైగా టెంత్. "పరీక్షలయ్యాక చూద్దాంలే" అని నాన్న తేల్చేశారు. గిటార్ మాత్రం ఇంట్లోనే ఉంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెదనాన్నగారి అబ్బాయి ఇల్లు మారేటప్పుడు నాకిచ్చేశాడు. పుస్తకాలూ అన్న పుణ్యమే. ఒకటి అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల అంగడిలో కొన్నది, ఇంకోటి తన దగ్గర ముందునుంచీ ఉన్నది, మూడోది తన స్నేహితుడి దగ్గర వేసవి సెలవులకని అడిగి తెచ్చింది.

అసలు విషయంలోకి పోయేముందు రెండు మాటలు విప్పి చెప్పాలి. రెండో మూడో అంతకన్నా ఎక్కువో స్వరాలు కలిపి ఒకేసారి మోగిస్తే దాన్ని కార్డ్ అంటారు. (మా అవ్వ ఈ మాట విన్న ప్రతిసారీ "రేషన్ కార్డుకేమయింది పాపా?" అని అడుగుతుంది. దీనికి తెలుగులో మంచి మాట కావాలని నాకు గట్టిగా అనిపించేది అప్పుడే.) సి ని షడ్జమం అనుకుంటే సి మేజర్ కార్డ్ అంటే స గ ప. అంతే. మరి గిటార్‌కు ఆరు తీగలున్నాయి కదా, మూడు స్వరాలతో ఏం చేస్తారు? ఒకే స్వరాన్ని రెండు మూడు చోట్ల మోగిస్తారు. అందరూ మొదట నేర్చుకునే జి మేజర్ కార్డ్‌లో ఆరు తీగలూ మోగుతాయి, కానీ అందులో జి మూడుసార్లు, బి రెండుసార్లు, డి ఒక్కసారి. ఏ స్వరం కింద ఉండాలి, ఏది పైన ఉండాలి, దేన్ని రెండుసార్లు వెయ్యాలి, దేన్ని వదిలెయ్యాలి అన్న అమరికనే వాయిసింగ్ అంటారు. స్వరాలు అవే అయినా అమరిక మారితే కార్డ్ ఒకచోట బరువుగా, ఒకచోట గాజులా పలుచగా వినిపిస్తుంది.

బజారులో ఎక్కువగా దొరికేవి కార్డ్ డిక్షనరీలు. వెయ్యి కార్డులు, రెండువేల కార్డులు అని అట్ట మీద పెద్ద అక్షరాలు, లోపల పేజీ నిండా చిన్న చిన్న గళ్ళు, చుక్కలు. వాటిని నేను ఈ సమీక్షలోకి తీసుకోలేదు. శబ్దరత్నాకరం మొత్తం బట్టీ పట్టినవాడు పద్యం రాయగలడా? మాటకు మాట ఎలా అతుకుతుందో తెలియాలి కదా. కార్డులకూ అంతే. ఒక్కో కార్డ్ విడిగా ఎలా ఉందన్నది చిన్న సంగతి. ఒకదాని నుంచి ఇంకోదానికి పోయేటప్పుడు ఏ స్వరం ఎటు జరిగిందన్నదే హార్మొనీ. మనం తెలుగు వ్యాకరణంలో చదివే సంధిలాంటిదే ఇది. 'రాముడు' పక్కన 'ఇతడు' వచ్చినప్పుడు ఉకారం ఊరికే కూర్చోదు, పోతుంది. జి సెవెన్ పక్కన సి వచ్చినప్పుడు కూడా లోపలి స్వరాలు ఊరికే కూర్చోవు. ని పైకి జరిగి స అవుతుంది, మ కిందికి దిగి గ అవుతుంది. ఆ రెండు చిన్న జరుగుళ్ళ వల్లే మన చెవికి "ఇల్లు చేరాం" అనిపిస్తుంది.

ఈ కొలత పట్టుకుని మూడు పుస్తకాలనూ చూశాను.

మొదటిది మికీ బేకర్ రాసిన 'కంప్లీట్ కోర్స్ ఇన్ జాజ్ గిటార్'. 1955 నాటి పుస్తకం. బేకర్ అమెరికాలోని లూయివిల్‌లో 1925లో పుట్టి, న్యూయార్క్ స్టూడియోల్లో లెక్కలేనన్ని రికార్డులకు గిటార్ వాయించి, తర్వాత ఫ్రాన్స్‌కు వెళ్ళిపోయి 2012లో అక్కడే చనిపోయాడు. ఆయన పుస్తకంలో ముందుమాటలు, ఓదార్పులు ఏమీ ఉండవు. మొదటి పాఠంలోనే ఇరవైకి పైగా కార్డ్ ఆకారాలు, ఒక్కోదానికి ఒక్కో నెంబరు. ఇవి నేర్చుకో, అన్ని శ్రుతుల్లోకీ మార్చి వాయించు, తర్వాత పేజీ తిప్పు, ఇదీ ధోరణి. మామూలు కార్డ్ కనపడితే దాని చోట ఇంత నిండుగా ఉండేది వెయ్యమంటాడు. ఎందుకు వెయ్యాలో చెప్పడు. మా ఇంట్లో పెద్దవాళ్ళు "చెప్పింది చెయ్యి, తర్వాత నీకే తెలుస్తుంది" అంటారే, సరిగ్గా ఆ గొంతు.

మొదట్లో నాకు ఆ గొంతు మీద కోపం వచ్చింది. కానీ ఒక న్యాయమైన మాట చెప్పాలి. ఈ పుస్తకం పట్టుకున్న మూడో వారానికే నా గదిలోంచి పాటలాంటిది బయటికి వచ్చింది. ఆయన ఇచ్చిన ఆకారాలు వరుసగా వేస్తే చెయ్యి పెద్దగా ఎగరక్కర్లేదు, పక్క పక్కనే సర్దుకుంటుంది. అంటే సంధి సూత్రం ఆయన చేతుల్లో ఉంది, నోట్లో లేదు. ఇంగ్లీషు తక్కువ ఉండటం కూడా నాబోటి వాళ్ళకు మేలే అయింది. "తెలుగు మీడియం పిల్ల ఇంగ్లీషు పుస్తకం చూసి ఏం నేర్చుకుంటుంది?" అని మా వీధిలో ఒకరు అన్నారు. చుక్కలకూ నెంబర్లకూ మీడియం ఏముంది?

అయితే ఆ లోటు మాత్రం లోటే. ఒక ఉదాహరణ ఇస్తాను, గిటార్ ఉన్నవాళ్ళు వాయించి చూడండి. డి మైనర్ సెవెన్, జి సెవెన్, సి మేజర్ సెవెన్. జాజ్ పుస్తకాలన్నిటిలోనూ అన్నం పప్పులాగా ఈ మూడూ కలిసే ఉంటాయి. ఒక్కోదానికి మూడు స్వరాలే వేద్దాం. మొదటిదానికి 5వ తీగ 5వ మెట్టు, 4వ తీగ 3వ మెట్టు, 3వ తీగ 5వ మెట్టు. రెండోదానికి 6వ తీగ 3వ మెట్టు, 4వ తీగ 3వ మెట్టు, 3వ తీగ 4వ మెట్టు. మూడోదానికి 5వ తీగ 3వ మెట్టు, 4వ తీగ 2వ మెట్టు, 3వ తీగ 4వ మెట్టు. గళ్ళ బొమ్మల్లో చూస్తే ఇవి మూడు వేరు వేరు ఆకారాలు. ఇప్పుడు కింది స్వరాన్ని మర్చిపోయి 4వ తీగను మాత్రమే చూడండి. మ, మ, గ. 3వ తీగను చూడండి. స, ని, ని. ఒక్కో అడుగులో ఒక్క స్వరమే, అదీ ఒక్క మెట్టే దిగుతోంది. రెండోది కదలకుండా నిలబడి దారి ఇస్తోంది. ఇది కనపడిన రోజు నాకు ఇరవై ఆకారాలు గుర్తుపెట్టుకునే బాధ సగం తగ్గింది. బేకర్ ఒక్క పేరా రాసి ఉంటే ఇది రెండు నెలలు ముందే కనపడేది.

రెండోది విలియం లెవిట్ రాసిన 'ఎ మోడర్న్ మెథడ్ ఫర్ గిటార్'. మొదటి భాగం 1966లో వచ్చింది, మొత్తం మూడు భాగాలు. లెవిట్ బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో గిటార్ విభాగానికి అధిపతిగా ఉన్నవాడు. ఆ తరగతి గది వాసన పుస్తకం నిండా ఉంది. ఇందులో టాబ్ లేదు. ఐదు గీతల మీద స్వరాలు చదవటం రాకపోతే మొదటి పేజీ దాటలేరు. మొదట్లో నాకు ఇది ఎండాకాలం మిట్టమధ్యాహ్నం నడకలా ఉండేది. కానీ దీని లాభం ఏమిటంటే, కార్డ్‌ను గీతల మీద నిలువుగా రాస్తారు కాబట్టి పక్క కార్డ్‌లో ఏ స్వరం నిలబడింది, ఏది జరిగింది కంటికి కనపడుతుంది. బేకర్ బొమ్మల్లో వేళ్ళు కనపడతాయి, లెవిట్ గీతల్లో స్వరాలు కనపడతాయి. ఈ పుస్తకం గురించి ఇంతకన్నా చెప్పలేను, ఎందుకంటే ఇది పక్కన గురువు కూర్చుని వింటాడన్న నమ్మకంతో రాసిన పుస్తకం. లయ తప్పినా పేజీ మనకు చెప్పదు.

మూడోది టెడ్ గ్రీన్ రాసిన 'కార్డ్ కెమిస్ట్రీ', 1971. దీని గురించి కాస్త నిదానంగా చెప్పాలి. గ్రీన్ 1946లో పుట్టి 2005లో చనిపోయాడు. లాస్ ఏంజెలెస్ దగ్గర ఏళ్ళ తరబడి గిటార్ పాఠాలు చెప్పాడు. సొంతంగా తీసిన రికార్డు ఒక్కటే, 1977లో వచ్చిన 'సోలో గిటార్'. అన్న ఫోన్‌లో అది విన్నాను. ఒక్క మనిషి వాయిస్తున్నాడంటే నమ్మబుద్ధి కాలేదు. పాట పైన పోతుంది, కింద బాస్ నడుస్తుంది, మధ్యలో ఇంకెవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

పుస్తకం కూడా అలాగే ఉంది, చాలామంది ఒకేసారి మాట్లాడుతున్నట్టు. కార్డులన్నిటినీ మేజర్, మైనర్, డామినెంట్ అని మూడు కుటుంబాలుగా విడదీశాడు. ఈ ఒక్క విభజన కోసమైనా పుస్తకం చదవొచ్చు. కుటుంబం ఒకటైతే ఒకరి చోట ఇంకొకరు పనికి పోవచ్చు అన్నమాట. బేకర్ "ఇది తీసి అది వెయ్యి" అని ఆజ్ఞాపించిన దానికి కారణం నాకు ఇక్కడ దొరికింది. కానీ తర్వాత పేజీలు తిప్పుతూ పోతే బొమ్మలే బొమ్మలు. ఒక్కో కార్డ్‌కు ఎన్ని అమరికలుంటాయో అన్నీ ఇచ్చాడు. ఉదారత్వమే, కాదనను. పెళ్ళి భోజనంలో విస్తరి కనపడకుండా వడ్డించినట్టు ఉంది. కొత్తవాళ్ళకు ఏది ముందు తినాలో తెలియదు. పైగా చాలా అమరికలకు వేళ్ళు చాలా చాచాలి. ఆయన చేతికి అందినవి నా చేతికి అందవు. చిన్న చేతుల వాళ్ళు దేన్ని వదిలెయ్యొచ్చో ఒక గుర్తు పెట్టి ఉంటే నాలాంటి ఆడపిల్లలు ఎంతమందో బతికిపోయేవాళ్ళు.

మూడు పుస్తకాలనూ కలిపి చూస్తే ఇంకొక ఇబ్బంది ఉంది. మూడూ అక్షరాల్లో మాట్లాడతాయి. సి ఇ జి, ఎఫ్ ఎ సి, జి బి డి. శ్రుతి మారిస్తే అక్షరాలన్నీ మారిపోతాయి, మళ్ళీ మొదటికి వస్తాం. నేను నోట్‌బుక్‌లో ఎడమ పక్క అక్షరాలు, కుడి పక్క స్వరాలు రాసుకున్నాను. స రి గ మ ప ద ని లో ఒకటి విడిచి ఒకటి తీసుకుంటే కార్డ్. స గ ప, రి మ ద, గ ప ని, మ ద స, ప ని రి, ద స గ, ని రి మ. ఏడు స్వరాలకు ఏడు కార్డులు. షడ్జమం ఎక్కడ పెట్టుకున్నా ఈ పట్టిక మారదు. సంగీతం క్లాసుకు పోయే పిల్లలెవరికైనా ఇది పది నిమిషాల పని. స రి గ మ లు చిన్నప్పటినుంచీ నోట్లో ఉన్న మనకు ఈ విషయంలో ఇంగ్లీషు మీడియం వాళ్ళ కన్నా దగ్గరి దారే ఉంది.

ఇక అసలు పరీక్ష. మా చెల్లెలు సంగీతం నేర్చుకుంటుంది. వార్షికోత్సవంలో 'వరవీణ' గీతం పాడాలి, నేను పక్కన గిటార్ వాయించాలి. సంగీతం తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, అది మోహన రాగం, రూపక తాళం. మోహనంలో ఐదే స్వరాలు. స రి గ ప ద. మ లేదు, ని లేదు.

మూడు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. పైన చెప్పిన ఏడు కార్డుల్లో మోహనానికి పనికొచ్చేవి ఎన్నో లెక్కపెట్టండి. స గ ప ఒకటి. ద స గ ఇంకొకటి. అయిపోయింది. మిగతా ఐదింటిలోనూ మ గానీ ని గానీ, రెండూ గానీ ఉన్నాయి. జి సెవెన్ అంటే ప ని రి మ. ఈ పుస్తకాల్లోని హార్మొనీ అంతా ని పైకి పోవటం, మ కిందికి రావటం అనే రెండు కాళ్ళ మీద నడుస్తుంది. సరిగ్గా ఆ రెండు స్వరాలే మోహనంలో లేవు! అన్ని వందల బొమ్మలున్న పుస్తకం ఒక చిన్న గీతం దగ్గర మూగబోయింది. దీనికి వాళ్ళను తప్పుపట్టలేం, వాళ్ళు రాసింది వాళ్ళ పాటల కోసం. కానీ "కంప్లీట్" అనే మాట అట్ట మీద చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు నవ్వొస్తుంది.

మోహనానికి కార్డులు వెయ్యటం కుదరదని కాదు. 1988లో వచ్చిన 'అగ్నినక్షత్రం', మనకు 'ఘర్షణ', సినిమాలో మోహనంలో ఇళయరాజా పాట ఉంది, దాని పల్లవి మొదలయ్యేది 'నిన్నుకోరి' వర్ణం మాటలతోనే. ఆ వర్ణం రాసింది తమిళనాడులోని రామనాథపురం శ్రీనివాస అయ్యంగార్, మాటలు మాత్రం తెలుగు. ఆ పాట విన్నాక వెతికితే దారి ఉంటుందనిపించింది.

దారి గ్రీన్ పుస్తకంలోనే, మేజర్ కుటుంబంలో, సిక్స్ నైన్ అనే పేరు కింద దొరికింది. సి సిక్స్ నైన్‌లో ఏ స్వరాలుంటాయో రాసుకున్నాను. స గ ప ద రి. మోహనం మొత్తం! 5వ తీగ 3వ మెట్టు, 4వ తీగ 2వ మెట్టు, 3వ తీగ 2వ మెట్టు, 2వ తీగ 3వ మెట్టు, 1వ తీగ 3వ మెట్టు. కింది నుంచి స గ ద రి ప. ఒక్క మీటుతో రాగంలోని ఐదు స్వరాలూ గదిలో నిలబడ్డాయి. చెల్లెలిది 5 శ్రుతి, అంటే ఆమె షడ్జమం జి. దానికి 6వ తీగ నుంచి 1వ తీగ వరకు 3, 2, 2, 2, 3, 3 మెట్లు. ఇందులోనూ అవే ఐదు స్వరాలు, చివర మళ్ళీ స.

కానీ అదొక్కటే గీతమంతా వాయిస్తే తంబురా లాగా అవుతుంది, కదలిక ఉండదు. కదలిక కోసం ఒకటి విడిచి ఒకటి అన్న నియమాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. ప స రి అనే మూడింటిని కలిపి చూడండి. గ్రీన్ భాషలో అది సస్పెండెడ్ కార్డ్. సి శ్రుతిలో 4వ తీగ 5, 3వ తీగ 5, 2వ తీగ 3. తర్వాత 2వ తీగ మీద 3 ను 5 కు జరిపితే ప స గ. ప, స కదల్లేదు, రి ఒక్కటే గ అయింది. జి సెవెన్ అంత గట్టిగా "ఇల్లు చేరాం" అనదు. గడప దగ్గర చెప్పులు విడిచినంత నెమ్మదిగా ఉంటుంది. మోహనానికి ఆ నెమ్మదే బాగుందని నా అభిప్రాయం. ఈ రెండు కార్డులు, ద స గ, సిక్స్ నైన్, ఈ నాలుగింటితో గీతం మొత్తానికి సరిపోయింది.

ఇది విని చెల్లెలికి సంగీతం చెప్పే టీచర్ ఒక మాట అన్నారు. "ఐదు స్వరాలూ ఒకేసారి మోగిస్తే స్వరాలు వినపడతాయమ్మా, మోహనం ఎక్కడుంది? రాగం అంటే ఏ స్వరం తర్వాత ఏది, ఎంతసేపు, ఏ గమకంతో అన్నది కదా." నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను, ఇప్పటికీ పూర్తిగా లేదు. చెల్లెలు గాంధారాన్ని ఊపి పాడేటప్పుడు నా గిటార్ గాంధారం మెట్టు మీద కదలకుండా కూర్చుంటుంది, రెండూ ఒరుసుకుంటాయి. అందుకని ఆ చోట్ల నేను గ వదిలేసి స ప మాత్రమే వేస్తున్నాను. టీచర్ దానికి తల ఊపారు గానీ, బాగుందనలేదు. దేన్ని వెయ్యాలో మూడు పుస్తకాలూ పేజీల కొద్దీ చెప్పాయి. పాడే గొంతు ముందు దేన్ని వెయ్యకూడదో చెప్పే పేజీ మాత్రం మూడింటిలోనూ నాకు కనపడలేదు. తెలుగులో ఎవరైనా గిటార్ పుస్తకం రాస్తే ముందు ఆ అధ్యాయం రాయాలని కోరుకుంటున్నాను.

కొనాలనుకునేవాళ్ళు అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. ఒక్కటే కొనగలిగితే బేకర్. స్వరాలు చదవటం వచ్చి, ఓపిక ఉంటే లెవిట్. గ్రీన్ పుస్తకం కొనకండి, ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోండి. కుటుంబాల భాగం చదివి, చేతికి అందే నాలుగు అమరికలు నోట్‌బుక్‌లో దించుకుని తిరిగి ఇచ్చెయ్యండి. నేను వేసవి సెలవుల్లో తెచ్చింది ఇంకా ఇవ్వలేదు, అన్న రెండుసార్లు ఫోన్ చేశాడు. బేకర్ పుస్తకం మాత్రం అన్ననడిగి మన బడి లైబ్రరీలో పెట్టాను. మొదటి పాఠం పేజీ కుట్టు ఊడిపోయింది, నెమ్మదిగా తిప్పండి.